1969 కమారో జెడ్-28 కొనాలా, 1970 మస్టాంగ్ బాస్ 302 కొనాలా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. డల్లాస్ దగ్గర ఉంటున్నారు, గరాజ్‌లో ఒక కారుకు చోటుంది, కొన్నేళ్లుగా దీనికోసమే డబ్బు పక్కన పెట్టుకుంటూ వచ్చారు. 1969 షెవర్లే కమారో జెడ్-28, 1970 ఫోర్డ్ మస్టాంగ్ బాస్ 302, ఈ రెండింట్లో ఏది బాగా పరిగెడుతుంది, పదేళ్లకు ఏది ఎక్కువ పలుకుతుంది అన్నారు. ఇలాంటి కారు కొనడం ఇదే మొదటిసారని, ఇంట్లో ఆవిడ "పాత ఇనుముకి ఇంత డబ్బా" అంటున్నారని కూడా రాశారు.

ముందు జవాబు చెప్పేస్తాను. పరుగులో రెండూ సమానం, ఆ లెక్కన ఎంచుకోవద్దు. విలువలో కూడా మంచి కారుకీ మంచి కారుకీ పెద్ద తేడా లేదు. మొదటిసారి కొంటున్నారు కాబట్టి బాస్ 302 తీసుకోండి. అది అసలుదా, తర్వాత తయారుచేసిందా అన్నది విన్ నంబర్ (ప్రతి కారుకీ కంపెనీ ఇచ్చే గుర్తింపు సంఖ్య) చూస్తే పది నిమిషాల్లో తేలిపోతుంది. కమారో విషయంలో అదే పనికి నెల పట్టవచ్చు, అప్పటికీ అనుమానం పూర్తిగా పోకపోవచ్చు.

నేను డెట్రాయిట్ పక్కన ఇరవై ఏళ్లకు పైగా ఉంటున్నాను, ఉద్యోగం ఇంజన్ టెస్టింగ్‌లో. 2010 నుంచి నా దగ్గర 1970 బాస్ 302 ఉంది. నా స్నేహితుడి దగ్గర 1969 కమారో ఉంది, దాని టాపెట్లు (వాల్వులను కదిపే భాగాలు), కార్బురేటర్ (గాలి, పెట్రోల్ కలిపే భాగం) నేనే చూస్తాను. అంటే రెంటి నూనె మరకలూ నా చొక్కాలకు ఉన్నాయి. నా కారు బాస్ కాబట్టి దాని పక్షం మాట్లాడుతున్నానని అనుకోకండి, నడపడానికి నాకు కమారోయే ఒక పిసరు ఎక్కువ ఇష్టం.

ఈ రెండు కార్లు ఎందుకింత దగ్గరగా ఉంటాయో చెప్పాలంటే ట్రాన్స్-ఆమ్ అనే అమెరికన్ కార్ రేసుల గురించి చెప్పాలి. 1966లో మొదలైన ఆ రేసుల్లో ఇంజన్ 305 క్యూబిక్ అంగుళాలు, అంటే 5 లీటర్లు మించకూడదు. షెవర్లేలో విన్స్ పిగ్గిన్స్ అనే ఇంజనీరు దీనికి దారి కనిపెట్టాడు. 327 ఇంజన్‌లోని 4 అంగుళాల బోర్ (సిలిండర్ వెడల్పు), 283 ఇంజన్‌లోని 3 అంగుళాల స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) కలిపి ఇంజన్ కడితే 302 క్యూబిక్ అంగుళాలు వస్తుంది, లిమిట్‌కి సరిగ్గా కింద. అలా 1967లో జెడ్-28 పుట్టింది. ఆ ఏడు 602 కార్లే తయారయ్యాయి. 1968, 1969 సీజన్లలో మార్క్ డోనహ్యూ నడిపిన పెన్‌స్కీ టీమ్ కమారోలు షెవర్లేకి వరుసగా రెండు టైటిళ్లు తెచ్చిపెట్టాయి.

ఫోర్డ్ ఊరుకుంటుందా? 1968లో జనరల్ మోటార్స్ నుంచి బంకీ నుడ్‌సన్ వచ్చి ఫోర్డ్ ప్రెసిడెంట్ అయ్యాడు, ఆయన వెనకాలే డిజైనర్ లారీ షినోడా వచ్చాడు. నిన్నటిదాకా షెవర్లేలకి గీతలు గీసిన చెయ్యే ఇప్పుడు మస్టాంగ్‌కి గీసింది. పక్కల ఉత్తుత్తి గాలి రంధ్రాలు తీసేశాడు, ముందు స్పాయిలర్ పెట్టాడు, వెనక అద్దం మీద నల్లటి పలకలు పరిచాడు, బాస్ అని పేరు పెట్టాడు. బోర్, స్ట్రోక్ ఇక్కడా అవే, 4 అంగుళాలు, 3 అంగుళాలు. 1970లో పార్నెలీ జోన్స్, జార్జ్ ఫాల్మర్ నడిపిన బడ్ మూర్ టీమ్ మస్టాంగ్‌లు ఆ టైటిల్‌ని ఫోర్డ్‌కి తెచ్చాయి.

ఒకే రూలు పుస్తకం ముందు పెట్టుకుని రెండు కంపెనీలు రాసిన జవాబులివి. అందుకే కాగితం మీద కవలల్లా ఉంటాయి. రెంటికీ 290 హార్స్‌పవర్ అనే రాశారు, అదీ 5,800 ఆర్‌పీఎమ్ (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గరే. రెంటికీ హోలీ 780 కార్బురేటర్, రెంటికీ నాలుగు గేర్ల మాన్యువల్ మాత్రమే. ఆ 290 అన్నది రెండు కంపెనీలూ కావాలని తగ్గించి రాసిన అంకె అని అందరూ ఒప్పుకుంటారు. అసలు ఎంత అన్నదాని మీద ఒక్కొక్కరు ఒక్కో అంకె చెబుతారు, దానిమీద వాదించడం దండగ. అప్పటి పత్రికల పరీక్షల్లో రెండూ పావు మైలు 14 నుంచి 15 సెకన్ల మధ్య పూర్తి చేసేవి. మొన్నమొన్నటి దాకా అమ్మిన వీ6 క్యామ్రీ కూడా ఆ టైమ్‌లోనే వెళ్తుంది. కాబట్టి వేగం కోసమే అయితే ఈ డబ్బుతో కొత్త కారు కొనుక్కోండి, ఇది మనస్ఫూర్తిగా చెబుతున్నాను.

ఇవి ఇచ్చేది వేరే రకం ఆనందం. రెండు ఇంజన్లూ 3,000 లోపు బద్ధకంగా ఉంటాయి. సిగ్నల్ దగ్గర బయల్దేరేటప్పుడు ఇంత పేరున్న కారు ఇంతేనా అనిపిస్తుంది. 4,000 దాటాక గొంతు మారుతుంది. 5,000 దగ్గర మెటల్ డాష్‌బోర్డ్ సన్నగా కంపిస్తూ ఉంటుంది, ఇంకా పైకి తీసుకెళ్లమని ఇంజనే అడుగుతున్నట్టుంటుంది. మామూలు అమెరికన్ వీ8 అప్పటికే అలసిపోయే చోట ఇవి నిద్ర లేస్తాయి. బాస్‌లో ఫోర్డ్ వాళ్లు 6,150 దగ్గర రెవ్ లిమిటర్ (ఇంజన్ అంతకు మించి తిరగకుండా ఆపేది) పెట్టారు, కమారోలో అది కూడా లేదు, మీ చెవే లిమిటర్.

తేడాలు అంటే ఇవి. బాస్ ఇంజన్ పోర్టులు, వాల్వులు చాలా పెద్దవి, అందుకని కింద ఆర్‌పీఎమ్‌లో కమారో కన్నా ఇంకాస్త మందం. కమారో స్టీరింగ్ తిప్పితే ముక్కు త్వరగా తిరుగుతుంది. బాస్ వంపుల్లో గట్టిగా నేలకు అతుక్కుంటుంది, హైవే మీద నిలకడగా ఉంటుంది. ఇవి నా చేతులకు తెలిసినవి, ఇంకొకరు వేరేలా చెప్పొచ్చు. డల్లాస్‌లో ఉంటున్నారు కాబట్టి ఒకటి గుర్తుపెట్టుకోండి: రెండింట్లోనూ ఏసీ లేదు. ఫ్యాక్టరీ నుంచి ఆప్షన్‌గా కూడా ఇవ్వలేదు. మా డెట్రాయిట్ వైపు ఏటా ఆగస్టు మూడో శనివారం వుడ్‌వర్డ్ అవెన్యూ మీద పాత కార్ల ఊరేగింపు జరుగుతుంది. ఆ ట్రాఫిక్‌లో గంటసేపు కూర్చుంటే మిషిగన్‌లోనే నా చొక్కా వీపుకి అంటుకుపోతుంది, కళ్లు రోడ్డు మీద కన్నా టెంపరేచర్ ముల్లు మీదే ఎక్కువ ఉంటాయి. టెక్సస్ జూలైలో ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. విలువ ఎక్కడ నిలుస్తుంది, ఎక్కడ కూలుతుంది?

1969లో జెడ్-28లు 20 వేలకు పైగా తయారయ్యాయి. ఆ ఏడు మొత్తం కమారోలు 2 లక్షల 40 వేల పైచిలుకు. వాటిలో మామూలు వీ8 కమారోకీ జెడ్-28కీ విన్ నంబర్‌లో తేడా ఏమీ ఉండదు. రెండూ 124379 అనే మొదలవుతాయి. పైగా 1969 కమారోకి కావలసిన ప్రతి ముక్కా ఇవాళ కొత్తగా దొరుకుతుంది, పూర్తి బాడీ షెల్ సహా. మామూలు కమారో తీసుకుని, చారలు వేసి, బ్యాడ్జీలు అంటించి, 302 ఇంజన్ దించి జెడ్-28 అని అమ్మేవాళ్లు నలభై ఏళ్లుగా ఉన్నారు. కొన్ని కార్లను ఇప్పటి ఓనర్లు కూడా అసలువనే నమ్ముతున్నారు, పాపం వాళ్లూ మోసపోయినవాళ్లే.

బాస్ 302కి ఈ బాధ తక్కువ. విన్ నంబర్‌లో ఐదో అక్షరం ఇంజన్ కోడ్. 1970 కారైతే 0ఎఫ్02జీ అని మొదలవ్వాలి. సున్నా అంటే 1970, ఎఫ్ అంటే డియర్‌బోర్న్ ఫ్యాక్టరీ, 02 అంటే ఫాస్ట్‌బ్యాక్ బాడీ, జీ అంటే బాస్ 302 ఇంజన్. జీ లేకపోతే అది బాస్ కాదు, అమ్మేవాడు ఎన్ని కథలు చెప్పినా సరే. ఆపైన కెవిన్ మార్టీ అనే ఆయన దగ్గర 1967 నుంచి ఫోర్డ్ తయారీ రికార్డులు లైసెన్స్‌తో ఉన్నాయి. విన్ ఇచ్చి కొద్ది డబ్బు కడితే ఆ కారు ఏ రంగులో, ఏ ఆప్షన్లతో, ఏ డీలర్ కోసం తయారైందో రిపోర్ట్ వస్తుంది. రంగు మార్చిన సంగతి కూడా అందులో దొరికిపోతుంది. విన్ ప్లేట్ మార్చేసే ఘనులు ఉంటారు కాబట్టి, డాష్‌బోర్డ్ మీది నంబర్‌ని ఇంజన్ బేలో ఫెండర్ల లోపలి రేకు మీద కొట్టిన నంబర్‌తో పోల్చి చూడాలి. కొంత భాగం ఫెండర్ అంచు కింద దాగి ఉంటుంది, టార్చ్ తీసుకెళ్లండి.

నాకు ఈ జాగ్రత్త ఎలా వచ్చిందో చెబుతాను. బాస్ కొనకముందు నేనూ జెడ్-28 కోసమే తిరిగాను. 2009లో ఒహాయోలో ఒకటి ఉందని తెలిసి, స్నేహితుణ్ణి తోడు తీసుకుని నాలుగు గంటలు డ్రైవ్ చేసుకుని వెళ్లాం. ముదురు ఆకుపచ్చ రంగు, తెల్ల చారలు, లోపల సీట్లు కొత్తగా కుట్టించినవి. చూడగానే మనసు పారేసుకున్నాను. అమ్మే ఆయన మర్యాదస్తుడు, కాఫీ ఇచ్చాడు, "మ్యాచింగ్ నంబర్స్", అంటే కారుతో పాటు వచ్చిన సొంత ఇంజనే ఉందని, మూడుసార్లు అన్నాడు. అడ్వాన్స్ చెక్కు నా జేబులోనే ఉంది.

నా స్నేహితుడు తొందరపడలేదు. ఇంజన్ ముందు భాగంలో, ప్యాసింజర్ వైపు సిలిండర్ హెడ్ మొదట్లో, ఆల్టర్నేటర్ వెనకాల రెండు వేళ్లంత చదును చోటు ఉంటుంది. ఇంజన్ నంబర్ కొట్టేది అక్కడే. ఆయన గుడ్డ మీద బ్రేక్ క్లీనర్ చల్లి ఆ చోటు తుడిచాడు. అక్షరాలు కనబడ్డాయి, చివర డీజెడ్ అని ఉంది. 1969 జెడ్-28 కోడ్ అదే. నాకు పట్టలేనంత సంతోషం. ఆయన ఏమీ మాట్లాడకుండా, ఫైర్‌వాల్ (ఇంజన్‌కీ క్యాబిన్‌కీ మధ్య ఉండే రేకు గోడ) మీదున్న బాడీ ప్లేట్‌ని కూడా ఫోటో తీశాడు. బయటికి వచ్చాక ఫోన్‌లో రెండు ఫోటోలు పక్కపక్కన చూపించాడు. బాడీ ప్లేట్ మీద 02సీ, అంటే ఫిబ్రవరి మూడో వారం. ఇంజన్ మీద 0423, అంటే ఏప్రిల్ 23. కారు తయారైన రెండు నెలలకు దాని ఇంజన్ పుట్టిందట! ఇంకోటి కూడా చూపించాడు. ఫ్యాక్టరీలో ఆ చదును చోటు మీద కోత పనిముట్టు వదిలిన సన్నటి గీతలు ముందు నుంచి వెనక్కి సమాంతరంగా ఉంటాయి. ఇక్కడ గీతలు లేవు, గుండ్రటి గీరలున్నాయి. పాత నంబర్ గీకేసి కొత్తది కొట్టారన్నమాట.

ఆ అమ్మకందారుకి ఆ సంగతి తెలుసో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. మేం "ఆలోచించుకుని చెబుతాం" అని వచ్చేశాం. దారి పొడుగునా నేను ఒక్క మాట మాట్లాడలేదు. ఆ చెక్కు ఇచ్చి ఉంటే, మామూలు కమారోని దానికి రెట్టింపు ధర పెట్టి కొన్నవాణ్ణి అయ్యేవాణ్ణి. పదేళ్లకు అమ్మబోతే నా కొనుగోలుదారు కూడా ఒక గుడ్డముక్క, బ్రేక్ క్లీనర్ డబ్బా పట్టుకొచ్చేవాడు.

కమారో మీదే మనసుంటే కొనొద్దని అనను. కాగితాలున్న కారు మాత్రమే కొనండి. కాగితాలు అంటే: ఫ్యాక్టరీ విండో స్టిక్కర్, బిల్డ్ షీట్, వారంటీ పుస్తకంలో ఉండే ప్రొటెక్ట్-ఓ-ప్లేట్ అనే చిన్న లోహపు పలక. ఆ పలక మీద విన్, ఇంజన్ కోడ్ ఉబ్బెత్తు అక్షరాల్లో ఉంటాయి. ఇవి కూడా నకిలీవి తయారుచేస్తారు కాబట్టి మొదటి ఓనరు సర్వీస్ బిల్లులు, పాత ఫోటోలు ఉంటే మరీ మంచిది. నార్‌వుడ్ ఫ్యాక్టరీలో 1968 డిసెంబర్ తర్వాత తయారైన కార్లయితే బాడీ ప్లేట్ మీద ఎక్స్33 గానీ ఎక్స్77 గానీ ఉంటే జెడ్-28 అని అర్థం. వాన్ నైస్ ఫ్యాక్టరీ కార్లకు ఆ కోడ్ ఉండదు. ఒక మంచి దారి ఏమిటంటే, అప్పట్లో కెనడాలో అమ్మిన కార్లకు జనరల్ మోటార్స్ కెనడా దగ్గర రికార్డులున్నాయి, వాళ్లు పత్రం ఇస్తారు. అందుకే కెనడాలో అమ్ముడైన జెడ్-28 కనిపిస్తే నేను ఒకటికి రెండుసార్లు చూడమంటాను.

ఇంకో నిజాయితీ గల దారి కూడా ఉంది. నా స్నేహితుడి కమారో క్లోన్, అంటే మామూలు కమారోని జెడ్-28లా తయారుచేసింది. క్లోన్ అని చెప్పి అమ్మారు, క్లోన్ ధరకే కొన్నాడు. వాన పడినా నడుపుతాడు, గీత పడుతుందన్న టెన్షన్ లేదు. పెట్టుబడి ఆలోచన పక్కనపెట్టి నడిపే ఆనందమే కావాలంటే అంతకన్నా మంచి బేరం లేదు.

ధరల సంగతి. బాస్ 302లు 1970లో 7 వేల పైచిలుకు, 1969లో 1,628 మాత్రమే తయారయ్యాయి. కమారో 20 వేలు కదా, బాస్ మూడు రెట్లు పలకాలి కదా అనిపిస్తుంది. అలా ఉండదు. కమారో 1969 బాడీని ఇష్టపడేవాళ్లు లెక్కలేనంత మంది, ఆ గిరాకీ సంఖ్యను సరిచేస్తుంది. అందుకే ఒకే స్థితిలో ఉన్న రెండు అసలు కార్లు ధరలో పక్కపక్కనే తిరుగుతుంటాయి. చాలా మంచివి, కాగితాలన్నీ ఉన్నవి లక్ష డాలర్లు దాటుతాయి. సొంత ఇంజన్ పోయి వేరే ఇంజన్ ఉన్నవి బాగా తగ్గుతాయి. కాగితాలు, సొంత ఇంజన్, తుప్పు లేని బాడీ, ఈ మూడింటి వల్ల వచ్చే తేడా బ్రాండ్ వల్ల వచ్చే తేడా కన్నా చాలా ఎక్కువ.

పదేళ్ల తర్వాత అన్నారు. ఈ కార్ల ధరలు 2000ల మధ్యలో బాగా పెరిగి, 2008 తర్వాత పడిపోయాయి. నేను కొన్నది ఆ పడిన రోజుల్లోనే, అది నా అదృష్టం. కోవిడ్ తర్వాత మళ్లీ పెరిగి, ఆనక కాస్త నెమ్మదించాయి. ఈ కార్లను కుర్రతనంలో కలగన్నవాళ్లకి ఇప్పుడు డెబ్బై దాటింది. వాళ్ల గరాజ్‌లలోంచి కార్లు బయటికి వస్తాయి. తర్వాతి తరం తొంభైల నాటి జపాన్ కార్ల వైపు చూస్తోంది. రేసు చరిత్ర ఉన్న ఈ రెండూ గౌరవం పోగొట్టుకుంటాయని నేననుకోను, కానీ మీ డబ్బు రెట్టింపవుతుందని మాత్రం చెప్పలేను. ఇన్సూరెన్స్, టైర్లు, నూనెలు, అప్పుడప్పుడు పెద్ద రిపేర్లు కలిపితే పెట్టిన డబ్బు తిరిగొస్తే చాలు అనుకుని దిగండి. పిల్లల చదువు కోసం దాచిన డబ్బయితే ముట్టుకోవద్దు. ఈ విషయంలో మీ ఆవిడ మాట నూటికి నూరుపాళ్లు నిజం.

బాస్ చూడ్డానికి వెళ్తే ప్రత్యేకంగా చూడాల్సినవి రెండున్నాయి. ఒకటి, పిస్టన్లు. ఫ్యాక్టరీ పిస్టన్ల స్కర్టులు పగులుతాయి, ఇది బాస్ 302కి తెలిసిన జబ్బు. నా కారులో రెండో ఏడాది ఆయిల్ మారుస్తుంటే గిన్నెలో గోరంత అల్యూమినియం ముక్క కనిపించింది. ఆ రాత్రి నిద్రపట్టలేదు. ఇంజన్ దించి విప్పితే ఎనిమిదింట్లో రెండు పిస్టన్లకి పగుళ్లున్నాయి. ఇంకో నెల నడిపి ఉంటే సొంత బ్లాకే పోయేది. కొత్త పిస్టన్లు వేయించాను, పాతవి అట్టపెట్టెలో దాచాను. కాబట్టి పిస్టన్లు మార్చారా, బిల్లు ఉందా అని అడగండి. మార్చలేదంటే ఆ ఖర్చు ధరలోంచి తగ్గించమనండి. రెండు, ముందు షాక్ టవర్లు, అంటే షాక్ అబ్జార్బర్ల పైకొసలను పట్టి ఉంచే రేకు గూళ్లు. వెడల్పు టైర్ల బలానికి అక్కడి రేకు పగులుతుందని ఫోర్డే అదనపు రేకులు వేసింది. అక్కడ కొత్త వెల్డింగ్, మందంగా పెయింట్ కనిపిస్తే ఆగి ఆలోచించండి.

రెంటికీ ఉమ్మడిగా తుప్పు. ఫ్రిజ్ మీద అంటించే అయస్కాంతాన్ని పలచటి గుడ్డలో చుట్టి వెనక చక్రాల పైన, డోర్ల కింద ఆనించి చూడండి. అంటుకోకపోతే అక్కడ రేకు లేదు, పుట్టీ ఉంది. ఇంకా, ఈ ఇంజన్లకి టాపెట్లు చేత్తో సెట్ చేయాలి, జెడ్-28కి 30 థౌ, బాస్‌కి 25 థౌ సందు ఉండాలి (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు). ఫీలర్ గేజ్ పట్టుకుని ఆదివారం పొద్దున్న చేసుకునే పని అది, నేర్చుకోండి, కష్టమేం కాదు. సెట్టింగ్ బాగున్నా టిక్ టిక్ శబ్దం ఉంటుంది, భయపడొద్దు. ఆయిల్ మామూలుది పోయొద్దు, జింక్ ఎక్కువున్న పాత కార్ల ఆయిల్ వేయండి, లేకపోతే వాల్వులను తెరిచే క్యామ్ అరిగిపోతుంది. జెడ్-28 కంప్రెషన్ 11, బాస్‌ది పదిన్నర. ఆ రోజుల్లో సీసం కలిపిన హై ఆక్టేన్ పెట్రోల్ ఉండేది. ఇప్పుడు 93 ఆక్టేన్ పెట్రోల్ పోసినా ఎండలో లోడ్ పడితే నాకింగ్ (ఇంజన్ లోపల ఠక్‌ఠక్‌మనే చప్పుడు) రావచ్చు, టైమింగ్ కొంచెం తగ్గించుకోవాలి.

ఇన్సూరెన్స్ మామూలు కారు పాలసీ కాకుండా, విలువ ముందే ఒప్పుకుని రాసే అగ్రీడ్ వాల్యూ పాలసీ తీసుకోండి. ఏడాదికి కొద్ది మైళ్లే నడుపుతారు కాబట్టి ప్రీమియం మీరనుకున్నదాని కన్నా తక్కువే ఉంటుంది.

కొనేముందు ఒక పని చేయండి. మీ ఆవిణ్ణి కూడా తీసుకెళ్లి, ఆ కారుని అరగంట ఇద్దరూ నడపండి. క్లచ్ బరువు, వేడి, పెట్రోల్ వాసన, చప్పుడు, అన్నీ ఆవిడకీ తెలియాలి. మేం అలాగే చేశాం. నా భార్య మూడో గేర్ నుంచి నాలుగులోకి వేసి, 'దీనికి హార్న్ అక్కర్లేదు' అంది. అంతకు ముందు రోజుదాకా వద్దన్న మనిషే తెల్లారి బ్యాంకుకి నాతో పాటు వచ్చింది.

కారు దొరికితే విన్ నంబర్, ఫెండర్ లోపలి నంబర్ ఫోటో, మార్టీ రిపోర్ట్ ఇక్కడ పెట్టండి. కమారో అయితే ఆ రెండు వేళ్ల చదును చోటు ఫోటో పెట్టండి, తుడిచి, పక్కనుంచి లైటు వేసి తీసినది. చూసి చెబుతాను.